గళ్ళమ్మగారు

ఎడమచేతి వేళ్ళు స్కేలు మీద ఆనించి ఆమె ఇరవై రెండో అడ్డగీత లాగింది. దళసరి కాగితం బల్ల నిండా పరిచి ఉంది. అడ్డగీతలు ఇరవై రెండు సెక్షన్లకు, నిలువు గీతలు వారంలోని నలభై ఎనిమిది పీరియడ్లకు. పొట్టి మనిషి కావడంతో కాగితం అవతలి అంచు అందుకోవాలంటే మునివేళ్ళ మీద లేవాల్సి వచ్చేది. లేచినప్పుడల్లా ముడిలో దోపుకున్న రెండో పెన్సిలు కిందికి జారేది. చూడకుండానే దాన్ని పైకి తోసి, పని సాగించేది. కుడిచేతి నడిమి వేలి మీద, పెన్సిలు ఆనేచోట, గోరంత మేర కాయ కాసి ఉంది.

శనివారం ఉదయం. సోమవారం బడి తెరుస్తారు.

ఆఫీసు రిజిస్టరులో ఆమె సీనియర్ అసిస్టెంటు. పిల్లలకు మాత్రం గళ్ళమ్మగారు. ఆ హైస్కూలు టైంటేబుల్ గళ్ళు గీసి నింపేది ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆవిడే గనక ఆ పేరు మాస్టర్ల నోటికీ, చివరికి ఇంట్లో మొగుడి నోటికీ ఎక్కింది. ఆయన దర్జీ. నువ్వు గీసిన గళ్ళూ నేను కుట్టిన గళ్ళచొక్కాలూ కలిపితే ఊరంతటికీ దుప్పటి కప్పొచ్చు అనేవాడు.

ఆమె వెనకున్న ఇనుప బీరువాలో నూట నాలుగేళ్ళ టైంటేబుళ్ళు చుట్టలు చుట్టి ఉన్నాయి. నూరేళ్ళు నిండినప్పుడు బడి చరిత్ర రాయడానికి ఒక కమిటీ వేశారు. వాళ్ళు ఫొటోలూ ఉపన్యాసాలూ వెతుక్కున్నారు గానీ బీరువా తలుపు తీయలేదు. చరిత్రంతా అందులోనే ఉందని ఆమె ఎరుగును. మొదటి కాగితంలో రెండే గదులు, నలుగురే మాస్టర్లు, రోజూ మధ్యాహ్నం రెండు పీరియడ్లు వడ్రంగం. సరుకుల గిడ్డంగిలో బడి పెట్టినప్పుడు కూర్చోవడానికి బల్లలు లేక పిల్లల చేతే చేయించారు. ఆరో తరగతి గదుల్లో ఆ బల్లలు ఇంకా వాడుకలోనే ఉన్నాయి. పదకొండో ఏటి కాగితంలో మొదటిసారి కుట్టుపని కనిపిస్తుంది: ఆడపిల్లలను చేర్చుకున్నారన్నమాట. వరద వచ్చిన ఏడు నాలుగు నెలలపాటు క్లాసులన్నీ మేడ మీదే. కింది గదుల్లో ఇళ్ళు మునిగినవాళ్ళు ఉన్నారు. ఆ తరవాత తోటపని, రేడియో, బ్యాండు, టైపు వచ్చాయి. తోటపని పోయి ఆ స్థలంలో సైన్సు లాబ్ లేచింది. టైపు పోయి కంప్యూటరు వచ్చింది.

ఆ టైపు క్లాసులోనే ఇరవై రెండేళ్ళ వయసులో ఆమె అసిస్టెంటుగా చేరింది. క్లాసు ఎత్తేశాక ఆఫీసుకు పంపారు. అప్పట్లో టైంటేబుల్ వేసే లెక్కల మాస్టారికి చూపు మందగిస్తే, ఆయన చెబుతుంటే ఈవిడ నింపేది. రెండేళ్ళకు ఆయన చెప్పడం మానేసి వినడం మొదలుపెట్టారు.

తొమ్మిదిన్నరకు హెడ్‌మిస్ట్రెస్ కంప్యూటరు తీసిన ప్రింటు పట్టుకుని వచ్చింది. నలభై దాటని మనిషి. ఈ బడికి వచ్చి మూడేళ్ళయింది. పని తెలిసినదే, మాట మెత్తన. ఈ ఏడు తొమ్మిదో తరగతికి రోగుల సంరక్షణ నేర్పే కోర్సు పెట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. దానికోసం లైబ్రరీ పీరియడ్లు నాలుగు తగ్గించుకోమన్నారు. చిక్కేమిటంటే, ఆసుపత్రి నుంచి వచ్చే నర్సుకు మంగళ, గురువారాల్లో మూడు, నాలుగు పీరియడ్లే వీలు. అవి ఇన్నాళ్ళూ తొమ్మిదో తరగతి వడ్రంగానివి.

"వడ్రంగానికి చోటు దొరకలేదండీ," అంది హెడ్‌మిస్ట్రెస్. "నాలుగుసార్లు వేసి చూశాను. అది తీసుకున్న పంతొమ్మిది మంది పిల్లల్నీ వేరే దాంట్లోకి మార్చాలి. మాస్టారిని ఇంకో బడికి పంపిస్తారు."

ఆమె ప్రింటు అందుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, దగ్గరగా పెట్టుకుని చూసింది.

"నాలుగింటిదాకా దీన్ని గోడకి అంటించకండి."

"దారుందంటారా?"

"ఉంటుంది. గడి ఖాళీ లేదంటే అందులో ఎవరో కూర్చున్నారన్నమాట. ఎవరో చూసి కాస్త జరగమనాలి, అంతే."

వడ్రంగం షెడ్డు బడి వెనక గోడను ఆనుకుని ఉంటుంది. ఆమె వెళ్ళేసరికి వడ్రంగం మాస్టారు నేల మీద బాసింపట్టు వేసుకుని ఉలులకు నూనె రాస్తున్నాడు. భారీ మనిషి. కనుబొమల్లో ఎప్పుడూ రంపపు పొట్టు. రాసిన ఉలిని రాసినట్టు పాతగుడ్డలో చుట్టి తాడు బిగిస్తున్నాడు. అప్పటికే ఏడు మూటలయ్యాయి. వెళ్ళబోయే బళ్ళో తనకు షెడ్డు ఉండదనీ, స్టోరు తాళాలు చూసుకోమన్నారనీ తల ఎత్తకుండానే చెప్పాడు. ఆమె జాలి మాటలేవీ పలకలేదు. మంగళ, గురువారాల్లో మొదటి రెండు పీరియడ్లూ షెడ్డులో ఏం జరుగుతుందని అడిగింది.

"బ్యాండు. తెలీనట్టు అడుగుతారేం? పదకొండేళ్ళ కిందట వేసింది మీరేగా."

తనే వేసింది. షెడ్డు గుమ్మంలో నిలబడి ఆమె ఆ రోజును గుర్తు తెచ్చుకుంది. బ్యాండు మాస్టారు టోపీ చేత్తో నలుపుకుంటూ, మధ్యాహ్నాలు రాలేనని మొహమాటపడుతూ చెప్పాడు. తల్లి మంచాన పడింది. చెల్లెలు పొద్దుటిపూట మాత్రం చూసుకోగలదు. అప్పట్నుంచీ ఆయన వివరాల ఎదురుగా 'ఉదయం మాత్రమే' అని ఏటా రాస్తూ వచ్చారు. కంప్యూటరుకు ఇచ్చిన జాబితాలోనూ అదే ఎక్కింది. కారణం మాత్రం ఎక్కలేదు. ఆ తల్లి నిరుడు చలికాలంలో పోయింది. పలకరించడానికి వెళ్ళినవాళ్ళలో గళ్ళమ్మగారు ఒకరు.

ఆఫీసుకు తిరిగొచ్చి ఫోను చేసింది. విషయం చెప్పింది.

"మధ్యాహ్నాలే పెట్టండి," అన్నాడు బ్యాండు మాస్టారు. "భోజనం అయ్యాక ఆ ఇంట్లో ఉండలేకపోతున్నాను."

ఆ తరవాత పని చకచకా సాగింది. ఎనిమిదో తరగతి బ్యాండును ఆ రెండు రోజుల్లోనూ చివరి పీరియడ్లకు దింపి, అక్కడున్న పాఠాలను పొద్దుటికి లేపింది. షెడ్డు పక్క గది పదో తరగతి 'ఎ' సెక్షనుది. డప్పుల మోతలో లెక్కలు సాగవు. మంగళవారం ఆ సెక్షనును ఆటలకు మైదానంలోకి తోలింది, గురువారం లాబ్‌కు పంపింది. తొమ్మిదో తరగతి పొద్దుటి లెక్కలూ ఇంగ్లీషూ ఎత్తి, లైబ్రరీ తీసేసిన చోట దించింది. లెక్కల మాస్టారికి మోకాళ్ళ నొప్పులు. ఒకే పూట రెండుసార్లు మేడ ఎక్కించకూడదు. ఇంగ్లీషు టీచరు పసిబిడ్డ తల్లి. పదకొండింటికి ఆవిడకు ఖాళీ ఉండాలి. ఇవేవీ ఎక్కడా రాసి లేవు. పడమటి ఎండ పడే గది ఈసారి ఎవరికివ్వాలన్న దగ్గర కాసేపు ఆగింది. కూతురు పదో తరగతికి వచ్చిన ఏడు, ఎవరూ వేలెత్తి చూపకుండా ఆ గది కూతురి సెక్షనుకే ఇచ్చింది. కూతురు ఇప్పుడు రెండు వీధుల అవతల పోస్టాఫీసులో ఉద్యోగం చేస్తోంది. అయినా ఎండాకాలం రాగానే ఆ మాట ఎత్తి దెప్పుతుంది.

మధ్యలో ఎడమ భుజం లాగింది. బల్ల మీద వంగి వంగి పట్టేసిందనుకుని రెండుసార్లు చెయ్యి తిప్పింది. పదిహేడు గళ్ళు చెరిపి, పదిహేడు నింపింది.

నాలుగింటికి హెడ్‌మిస్ట్రెస్ ఆ మార్పులన్నీ కంప్యూటరులోకి ఎక్కించింది. ఒక్కటీ తగువు పడలేదు. ఆవిడ కుర్చీ వెనక్కి జరుపుకుని తెరకేసి చూస్తూ ఉండిపోయింది.

"నాకెందుకు కుదరలేదండీ ఇది?"

"బ్యాండు మాస్టారి అమ్మగారు పోయారండీ. కంప్యూటరుకి ఎవరూ చెప్పలేదు."

షెడ్డుకు ఆమె తనే వెళ్ళింది. మూటల సంఖ్య పదమూడుకు చేరింది. మంగళవారం మొదటి పీరియడు, తాళ్ళు విప్పండి మాస్టారూ అని చెప్పింది. ఆయన లేవబోయి, మళ్ళీ కూలబడి, మొదటి మూట ముడిని పళ్ళతో లాగడం మొదలుపెట్టాడు. ఆమె కూడా పక్కనే కూర్చుని రెండు మూటలు విప్పి, ఉలులను పరిమాణం ప్రకారం గోడనున్న చట్రంలో పెట్టింది. ఒకటి తప్పు గూట్లో పెడితే ఆయన తీసి సరిచేశాడు. ఆమె నవ్వింది.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగిందంతా భర్తకు చెప్పింది. మెడలో టేపుతోనే ఆయన అంతా విని, ఇంకో ఏడాదికి బడిని నిలబెట్టావన్నమాట అన్నాడు. బడి తనంతట తనే నిలబడుతుంది, ఒకరి కాలు ఒకరు తొక్కకుండా చూడ్డమే నా పని అని ఆమె జవాబిచ్చింది. గర్వంగానే చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనం చేసి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుంది. నిద్ర చెడుతుందని భర్త మిషను ఆపేసి, చేత్తో బొత్తాలు కుట్టుకుంటూ కూర్చున్నాడు. నాలుగింటికి టీ పెట్టి తెచ్చి పిలిచాడు. పలకలేదు.

చీకటి పడేలోగా హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. మర్నాడు బడికి సెలవిస్తానని నెమ్మదిగా చెప్పింది. కూతురు తల్లి పాదాల దగ్గర కూర్చుని ఉంది. తల అడ్డంగా ఊపింది.

"వద్దండీ. అమ్మ వేసిన టైంటేబుల్ మొదటిరోజే ఆగిపోకూడదు. పిల్లల్ని రానివ్వండి."

సోమవారం తెల్లవారుతూనే అంత్యక్రియలు జరిగాయి. బడివాళ్ళందరూ వచ్చారు. బ్యాండు మాస్టారు దర్జీ పక్కనే ఉండి, చివరిదాకా ఆయన భుజం మీద చెయ్యి తీయలేదు. తొమ్మిదింటికల్లా తడి తలలతోనే అందరూ బడి చేరారు. గంట కొట్టారు. ఇరవై రెండు సెక్షన్లూ ఎక్కడ ఉండాలో అక్కడే ఉన్నాయి.

మంగళవారం మొదటి పీరియడులో పంతొమ్మిది మంది తొమ్మిదో తరగతి పిల్లలు షెడ్డులో వరసగా నిలబడి, ఒకరి తరవాత ఒకరు చిత్రిక పట్టడం నేర్చుకున్నారు. మూడో పీరియడుకు నర్సు వచ్చి కట్టు కట్టడం చూపించింది. చివరి పీరియడ్లలో షెడ్డు నుంచి డప్పులు మోగాయి. పక్క గది ఖాళీ. పదో తరగతి పిల్లలు మైదానంలో అరుచుకుంటూ బంతి వెంట పరిగెత్తుతున్నారు. వరండాల్లో ఎవరూ ఎవరికీ అడ్డం పడలేదు.

ఆఫీసు గది కిటికీలో, శనివారం మధ్యాహ్నం కడిగి బోర్లించిన ఆమె టిఫిను డబ్బా అలాగే ఉంది. మూత ఊచకు ఆనించి ఉంది. డబ్బా అంచు నుంచి దిగిన నీళ్ళు కిటికీ చెక్క మీద గుండ్రంగా ఆరిపోయి ఉన్నాయి.