కూర్చుండి చూడవలసిన తోట

వర్షర్తువు నిష్క్రమించి శరల్లక్ష్మి పదార్పణము చేసిన యా యపరాహ్ణమున హైదరాబాదు నగరోపాంతమందలి గుట్టపై విద్యామందిరము నిరాభరణయయ్యు నిసర్గసుందరియైన తాపసకన్యవలె శోభిల్లుచుండెను. నునుపుసేయని కాంక్రీటు స్తంభములును నలంకారరహితములైన దీర్ఘకుడ్యములును పశ్చిమార్కకిరణములచే పసిడివన్నె దాల్చియుండ వాని నడుమ సహజశిలాఖండములతోడను వికసితధవళపుష్పమైన రెల్లుగడ్డితోడను నిండిన ముంగిలి మందమారుతమునకు మెల్లగా చలించుచుండెను.

ఆ ముంగిలిని తీర్చిన చూడామణిగారు వార్ధకభారమున చేతికఱ్ఱ యూతగా మెట్లెక్కి వచ్చుచుండిరి. యౌవనమున నామెయు నామె భర్త రంగధామరావుగారును గూడి యీ మందిరమును నిర్మించిరి. గోడలు భర్తవి తోట భార్యది. ముంగిలిలోని రాతిగుండును కదల్పవలదని యామె పట్టుపట్టగా నవ్వి గోడనే వంచిన మహానుభావుడాయన. ఇప్పుడాయన లేరు. ఆయన పేరు శిలాఫలకమున నున్నది గాని తోటకు ఫలక మెవ్వరు వేయుదురు? శిథిలమైన మందిరమును బాగుచేయించి మందిరపాలకసంఘమువారు పిలిచిన సంతోషమున నామెకు దారిపొడవునను పాతదినములే కన్నుల గట్టుచుండెను.

కాని ముంగిలి చూచినంతనే యామె కడపటి మెట్టుపై నిలిచిపోయెను. అతిథికి గౌరవము సేయవలెనను నుత్సాహమున గుండ్లన్నింటికిని సున్నము కొట్టించి జాజుపట్టెలు తీర్పించియుండిరి. పెద్దలు వచ్చుచున్నారనిన మన దేశమున చెట్టుమొదలును రాతిగుండును నీ తెలుపెఱుపుల బారినుండి తప్పించుకొనుట కల్ల గదా!

సంఘకార్యదర్శి మృత్యుంజయరావుగారు ఎదురేగి చేతులు జోడించి "అమ్మగారూ! గోడయందలి ప్రతి పగులును పూడ్పించి మునుపటివలెనే చేయించితిమి. ఈ గడ్డి మాత్రము పిచ్చిగా పెరిగినది. రేపు దీనిని కోయించి గుండ్లు పగులగొట్టించి కార్లు నిలుపుటకు చోటు సేయుదుము" అని సంతోషముతో విన్నవించిరి.

"పిచ్చిగా పెరుగలేదు నాయనా! ఏరి కోరి నేను నాటినది."

ఆయన నాలుక కఱచుకొనిరి. "క్షమింపుడు. ఐనను తోట మరల వేసికొనవచ్చును. మందిరము మరల రాదు గదా!"

చూడామణిగా రాయనను పఠనశాలలోనికి తోడ్కొనిపోయి గోడపొడవునను సాగిన కిటికీ చెంత నిలిపిరి. ఆ కిటికీ నేలనుండి నడుమెత్తు వఱకే యుండెను. నిలుచున్నవారికి కంటికెదురుగా గోడయే తప్ప మఱేమియు కానరాదు. అది తాపీవారి పొరపాటని మృత్యుంజయరావుగా రన్నాళ్లును నమ్మియుండిరి.

"ఇచట కూర్చుండుడు" అని యామె యనెను.

గంజి పెట్టిన పంచె నలుగునని సంకోచించియు పెద్దామె మాట తీసివేయలేక యాయన చతికిలబడిరి. అంతట గదినేల గడ్డితో కలిసెను గడ్డి గుండ్లతో కలిసెను గుండ్లు దూరపుకొండలతో కలిసెను. నడుమ గోడ యున్నదను తలపే పోయెను. సున్నపుగుండ్లు మాత్రము పెండ్లిలో చొరబడిన పగటివేషగాండ్రవలె నుండుట చూచి యాయనయే తల వంచుకొనిరి.

"ఆయన నన్నిచట కూర్చుండబెట్టి నా కన్నుల యెత్తు కొలిచి యీ కిటికీ పెట్టిరి. తోట పోయినచో నిది కిటికీ కాదు నాయనా, గోడకు కన్నము" అని చెప్పెను.

కొంతసేపటికి మేస్త్రి వచ్చి రేపు గుండ్లు పగులగొట్టు యంత్రము నెన్ని గంటలకు రప్పింపవలెనని గుమ్మమున నిలిచి యడిగెను. మృత్యుంజయరావుగారు తల త్రిప్పలేదు. ప్రక్కనున్న నేలను చేతితో తట్టి "ముందిటు వచ్చి కూర్చుండుము" అనిరి.