ముఖం చూపించి చెప్పండి

మొగులయ్య చెవులు బాగానే ఉన్నాయని తేల్చింది మీరే, కంపెనీ దొరలూ. చల్లటి గదిలో కూర్చోబెట్టి, తలుపు మూసి, ఫ్యాను కూడా ఆపి, మెత్తగా పేరడిగారు. చెప్పాడు. పాసన్నారు. ఆ గదిలో ఎవడికి వినపడదు? అతను పనిచేసేది ఆ గదిలోనా?

ఆ పొద్దున బొంతపల్లిలోని రేకుల ఇంట్లో మొగులయ్య రెండో బూటు తాడు బిగిస్తున్నాడు. కొలిమి సెగకు కనుబొమ్మలు పలచబడ్డాయి. మెడంతా నిప్పురవ్వల మచ్చలు. లోపల పోపు చిటపటలాడుతోంది, పక్కింటి టీవీ మోగుతోంది, బయట నీళ్ళ మోటారు. భార్య పుష్పమ్మ పొయ్యివైపు తిరిగి ఏదో అంటోంది. అతనికి గొంతు వినిపించింది. అందులో మాటలే లేవు.

“ఆ,” అన్నాడు.

ఉల్లిపొట్టు వచ్చి భుజానికి తగిలింది. తిరిగాడు.

“ఏమన్ననో చెప్పు సూద్దాం?”

“ఇంటున్ననే.”

“ఏం ఇన్నవ్? మన బిడ్డ రవళి ఫోన్ జేసింది, పోరికి జరమొచ్చిందంట అన్న. ఆ అంటివి! గోడకు జెప్పినా నయముండు.”

“మా షాపుల ఎవ్వలు ఎన్కకెళ్లి మాట్లాడరే. మూతి సూపెట్టి మాట్లాడు, అన్నీ ఇంట.”

“పెండ్లినాడు నా ముఖం సూడనీకే సిగ్గుపడ్డవ్. ఇప్పుడు మూతి సూపెట్టమంటున్నవా!”

నవ్వుకుంటూనే సద్ది డబ్బా అందుకున్నాడు.

ఫ్యాక్టరీ పటాన్‌చెరు దాటాక వస్తుంది. హ్యామర్ షాపులో, అంటే సుత్తి షెడ్డులో, ఎర్రగా కాలిన ఇనుప దిమ్మల మీద సుత్తి యంత్రం పడుతుంటే కాళ్ళకింద నేల అదురుతుంది. అక్కడ మాటకొక మర్యాద ఉంది. ముందు భుజం తట్టాలి. ఎదురుగా వచ్చి, వెలుతురు తన ముఖం మీద పడేలా నిలబడాలి. అప్పుడే నోరు తెరవాలి. సుత్తి లేచి పడే సందులో ఒకటో రెండో మాటలు చెవికి అందుతాయి. మిగతాదంతా పెదవులూ చేతులే చెప్తాయి. వెనక నుంచి అరవడం తిట్టుతో సమానం.

కంపెనీకి ఈ మర్యాద పట్టదు. రెండోసారి అడిగినవాడికి చెవిటోడని పేరుపెట్టి గేటు బయటికి పంపుతుంది. అందుకే అర్థంకాకపోయినా అందరూ తల ఊపుతారు. తర్వాత పక్కవాడి ముఖం చూసి సంగతి తెలుసుకుంటారు. మొగులయ్య కూడా అట్లాగే నెట్టుకొస్తున్నాడు. ఈ వయసులో ఇంకో పని ఎవడిస్తాడు?

ఆ రోజు సరుకు కొనేవాళ్ళ తనిఖీ. ఇన్నేళ్ళు మా ఊపిరితిత్తులు గుర్తురాని దొరలు ఆ పొద్దునే మాస్కులు పంచారు. ఫొటోలు తీస్తారట! షాపులో ఒక్క మూతి కనపడకుండా పోయింది.

సూపర్‌వైజర్ సత్తిబాబు వెనక నుంచి ఏదో అరిచాడు. మొగులయ్య తిరిగేసరికి తెల్లగుడ్డ ఒకటి కదులుతోంది.

“సార్, జెర అది తీసి చెప్పున్రి. అర్థమైతలేదు.”

సత్తిబాబు మాస్కు కిందికి లాగి, చెవిలో నోరు పెట్టి అరిచాడు. “నీ చెవులు బాగున్నాయని డాక్టరుగారే చెప్పారు కదయ్యా! నాటకాలాడతావేంటి? వాళ్ళొచ్చేస్తున్నారు!”

మాస్కు మళ్ళీ ఎక్కింది. దాని వెనక అసలు సంగతి చెప్పాడు: క్రేను గొలుసు అరిగింది, మార్చేదాకా దాని కిందికి పోవద్దు. ఒక్క నిమిషం సుత్తి ఆపితే సరిపోయేది. ఆపలేదు. పని నడుస్తున్నట్టు తనిఖీవాళ్ళకు కనపడాలి కదా.

మొగులయ్య తల ఊపాడు. పక్కవాడి ముఖం చూశాడు. మాస్కు. పైన క్రేను నడిపే జైపాల్‌ను చూశాడు. మాస్కు. ఇక పట్టకారు భుజాన వేసుకుని, క్రేను కింద రోజూ నడిచే దారినే నడిచాడు.

గొలుసుకు వేలాడే దిమ్మ జారడం జైపాల్ చూశాడు. మాస్కు పీకేసి అరిచాడు. అప్పటికే మొగులయ్య వీపు ఇటు తిరిగి ఉంది. సుత్తి ఇంకోసారి పడింది. ఆ చప్పుడులో ఇంకో చప్పుడు కలిసిపోయింది.

తర్వాత షాపంతా ఆపేశారు.

“ఇప్పుడు ఆపిన్రా సార్?” జైపాల్ కిందికి దిగి అడిగాడు. “గిప్పుడు గుసగుస జెప్పినా ఇనబడ్తది. జెప్పు, మొగులన్నకు జెప్పు!”

“నేను చెప్పానయ్యా. తలూపాడు,” అన్నాడు సత్తిబాబు.

అదే మాట పుష్పమ్మకూ చెప్పారు, సిగ్గులేకుండా.

ఆ మాట వెనక్కి తీసుకోండి. సుత్తి ఆపకుండా ఎవరికీ ఏ హెచ్చరికా చెప్పొద్దు. క్రేను కదిలితే వెలిగే ఎర్రలైటు ప్రతి స్తంభానికీ పెట్టండి. చెవుల పరీక్ష సుత్తి పక్కన చెయ్యండి, మీ డాక్టరునూ అక్కడే నిలబెట్టండి. రేపు, ఎల్లుండి అనొద్దు. ఇవన్నీ అయ్యేదాకా ఆ సుత్తి లేవనివ్వం.

మొగులయ్య నిలబడే చోట, స్తంభానికి తీగతో కట్టిన పాత స్కూటరు అద్దం ఉంది. వెనక నుంచి వచ్చేవాళ్ళ ముఖాలు చూడటానికి అతనే కట్టుకున్నాడు. ఫొటోల్లో బాగుండదని ఆ పొద్దున దాన్ని తిప్పించారు. ఇంకా గోడవైపే ఉంది.