ఎనిమిదో నడక

హెస్టర్ వెల్డన్‌కి ముక్కు మీద కోపం. ఐయోవాలోని ఆ చిన్న చర్చి కాలేజీలో ఆడపిల్లల మంచీ చెడూ ఇరవై ఏళ్లుగా ఆవిడే చూస్తోంది. ఆవిడ నేర్పే మర్యాదల్లో మొదటిది ఇది: వేడుకలో ఆడపిల్ల హాలు దాటి మగవాడి దగ్గరికి వెళ్లకూడదు. గోడ పక్కన కూర్చోవాలి. రావలసినవాడు వస్తాడు.

1931 వసంతంలో చర్చి పెద్దల మనసు కరిగి, కాలేజీలో మొదటిసారి డాన్సుకి ఒప్పుకున్నారు. అదీ శనివారం మధ్యాహ్నం మూడు నుంచి ఆరు దాకా, కిటికీలన్నీ బార్లా తెరిచిపెట్టి. ఈ సందర్భంలో పాత వేడుకల చరిత్ర రాస్తానని వెర్నా అనే విద్యార్థిని బయలుదేరింది. పాతవాళ్ల దగ్గరా, కాలేజీ బీరువాల్లోనూ పోగుచేసిన పాత వేడుకల కార్డులన్నీ తెచ్చి హెస్టర్ బల్ల మీద గుమ్మరించింది.

"మీ రోజుల్లో డాన్సే లేదుగా మేడం, మరి ఈ కార్డులేంటి?"

"నడిచేవాళ్లం."

"నడవడమా!"

"నవ్వకు. బ్యాండు వాయిస్తుంటే చేతిలో చెయ్యేసుకుని జంటలుగా హాలు చుట్టూ నడవడం. ఏ పాటకి ఎవరితోనో ముందే కార్డులో రాసుకోవాలి. డాన్సు పాపం, నడక పుణ్యం."

"కాళ్లు మాత్రం అవేగా మేడం!"

హెస్టర్‌కి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. ఇంతలో 1897లో, తనిక్కడ చదువుకునేటప్పటి కార్డు కనబడింది. ఎనిమిదో వరుసలో పేరు: ఆంబ్రోస్ ప్రూయిట్. ఆ రోజు ఎనిమిదో పాట మొదలైంది, అతను రాలేదు. కొత్త బూట్లు వేసుకుని, అందరూ చూస్తుండగా, పాట అయిపోయేదాకా ఆవిడ గోడ పక్కనే కూర్చుంది. మర్నాటి నుంచి అతను మొహం చాటేశాడు. ఎక్కడో పెళ్లి చేసుకున్నాడు, భార్య పోయాక ఇక్కడికే వృక్షశాస్త్రం చెప్పడానికి వచ్చాడు. వచ్చి పదకొండేళ్లైనా హెస్టర్ అతనితో వాతావరణం తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

"ఇదిగో, ప్రొఫెసర్ ప్రూయిట్ గారి కార్డు," అంది వెర్నా. "పాటకో గీత గీసుకున్నారు, చూడండి. మరి ఐదు పక్కన రెండు గీతలెందుకు?"

"ఐదో పాట బాగుందని అందరూ గోల చేస్తే మళ్లీ వాయించారు. అది లెక్కలోకి రాదు."

"ఆయన గీతలు లెక్కేసుకున్నారే! అందుకే ఏడో పాట దగ్గరే ఎనిమిది గీతలూ అయిపోయాయి. కింద ఏదో రాశారు కూడా... 'వేరేవాడి చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. ఇంటికి వచ్చేశాను.'"

హెస్టర్ కార్డులు రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. తన కార్డులో ఏడో నడక థియడోర్ అనే ఇంకో కుర్రాడితో.

"ఒట్టి వాజమ్మ!" అంది పైకే. ఆ వెంటనే ఆవిడ కళ్లు చెమర్చాయి. ముప్ఫై నాలుగేళ్లుగా మోసిన అవమానం ఇంతేనా అనిపించింది.

శనివారం వచ్చింది. ఎన్నో పాటో అందరికీ కనబడేలా పెద్ద అంకెల అట్టలు వేలాడదీయించింది హెస్టర్. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఎనిమిదో అట్ట ఎక్కింది. హాలుకి అవతల, నిమ్మరసం బల్ల దగ్గర ఆంబ్రోస్ ఆ అంకె చూశాడు, ఆవిడని చూశాడు, తల దించుకుని గ్లాసులోకి చూశాడు. అతను రాడని ఆవిడకి తెలిసిపోయింది. కూర్చుంటే ఈ పాట కూడా అయిపోతుంది.

హెస్టర్ లేచింది.

"అయ్యబాబోయ్, మేడం హాలు దాటేస్తోంది!" అంది వెర్నా. గోడ పక్కనున్న ఆడపిల్లలందరూ నోళ్లు తెరిచారు.

"నిమ్మరసం కావాలా, మిస్ వెల్డన్?" అన్నాడు ఆంబ్రోస్ కంగారుగా.

"అక్కర్లేదు. ఆ రోజు మీరు ఏడో నడకకే వచ్చేశారు. మళ్లీ వాయించింది లెక్కలోకి రాదని మీకెవరూ చెప్పలేదా?"

అతను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. మొహం ఎర్రబడింది. "పొలం నుంచి తిన్నగా వచ్చినవాణ్ణి. వాయించాక అది పాట కాకుండా ఎలా పోతుంది?" అని, మళ్లీ అడిగాడు, "అయితే ఎనిమిదోదానికి మీరు నా కోసం కూర్చున్నారా?"

"పాటంతా."

అతను గ్లాసు బల్ల మీద పెట్టాడు. "నాకు డాన్సు రాదు, హెస్టర్."

"నాకూ రాదు. నడక వచ్చుగా."

శాక్సోఫోన్ హోరెత్తుతోంది, పిల్లలు గంతులేస్తున్నారు. వాళ్ల చుట్టూ, గోడ వెంబడి, ఇద్దరూ చేతిలో చెయ్యేసుకుని నిదానంగా నడిచారు. హెస్టర్‌కి ఒళ్లంతా తేలికైంది. పాట ఆగగానే పిల్లలు మళ్లీ వాయించమని గోల చేశారు. బ్యాండువాళ్లు అదే పాట అందుకున్నారు.

ఆంబ్రోస్ ఆగిపోయాడు. "ఇది లెక్కలోకి వస్తుందా?"

హెస్టర్ అతని చెయ్యి వదల్లేదు.

"రాదు. నడవండి."