ర్యామ్ పీకిన రోజు

నేను ఒక సర్వర్‌ని. ఊరి బయట ఇంజనీరింగ్ కాలేజీలో మూడు వందల మంది పిల్లలకూ, ఒకే ఒక సన్నని ఇంటర్నెట్ లైనుకూ మధ్య నన్ను కూర్చోబెట్టారు. ఒకడు అడిగిన పేజీని ఒక్కసారి తెచ్చి, కాపీ దాచి, మళ్లీ అదే అడిగినవాళ్లకు నా దగ్గర నుంచే ఇచ్చేయడం నా పని. లైను మీద బరువు తగ్గుతుంది. ఈ మాత్రం అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు. పెద్ద చదువు ఉంటేనే అర్థం కాదేమో అని తర్వాత అనిపించింది.

నన్ను కొనేటప్పుడే తగువు. కంప్యూటర్ల విభాగం హెడ్డు ప్రభంజన్ సార్, బజారులో అన్నిటికన్నా వేగమైన ప్రాసెసర్ కావాలన్నాడు. ల్యాబ్ చూసుకునే ఐలయ్య ఒకప్పుడు రేడియోలు బాగుచేసినవాడు. గోడకు ఆనుకుని నిలబడి నోరు విప్పాడు.

"సార్, ఇది లెక్కలు చేసేది కాదు. దాచిపెట్టి అందిచ్చేది. దీనికి ర్యామ్ ఎక్కువ గావాలె. ఒక్క పెద్ద డిస్కు బదులు చిన్నయి మూడు వెడితే మూడు ఒక్కపారే చదువుతయి."

"నువ్వెంత చదివినవ్ ఐలయ్యా?"

"ఎనిమిది సార్."

"మరింకేంది."

అలా నేను పెద్ద ప్రాసెసర్‌తో, ఒకే పెద్ద డిస్కుతో, చెంచాడు ర్యామ్‌తో వచ్చాను. ఆ ప్రాసెసర్ ఇన్నేళ్లూ నా లోపల గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది.

నన్ను దారిలో పెట్టింది ఐలయ్యే. దాచిన ప్రతి పేజీ ఎక్కడుందో చెప్పే జాబితా, చేతికందే జ్ఞాపకం లాంటి ర్యామ్‌లో ఉండాలి. పేజీలు పెరిగితే జాబితా పెరుగుతుంది. ర్యామ్‌లో పట్టకపోతే డిస్కు మీదికి పొర్లుతుంది. ఇక నేను నడవను, పాకుతాను. అది కనిపెట్టి డిస్కులో ఐదో వంతే వాడుకొమ్మన్నాడు. ఫైలు చదివిన ప్రతిసారీ ఆ సమయం రాసిపెట్టుకునే నా చాదస్తాన్ని మాన్పించాడు. ఏడాది పాటు సార్ చుట్టూ తిరిగి, పాతదాని చోట నాలుగు ర్యామ్ కార్డులు తెప్పించి పెట్టాక, సగం డిస్కు దాకా తెరిచాడు. పదిమంది అడిగితే నలుగురికి నేనే ఇచ్చేవాణ్ణి. ఎవరూ మెచ్చుకోలేదు. సవ్యంగా నడిచేదాన్ని ఎవరు చూస్తారు?

ఆ ఏడు ఇన్‌స్పెక్షన్ వచ్చింది. సీట్లు నిలవాలంటే నూట ఎనభై కంప్యూటర్లు వెలగాలి, నెట్ రావాలి. పన్నెండేళ్లుగా టెంపరరీగా ఉన్న ఐలయ్యను కాలేజీ యజమాని పిలిపించాడు. ఆయన్ని అందరూ కరస్పాండెంట్ గారంటారు. "ఈ ఒక్కటి గట్టెక్కియ్యి. టెక్నీషియన్ పోస్టుల నిన్ను పర్మనెంట్ చేస్త" అన్నాడు.

ముందురోజు లెక్కపెడితే మూడు కంప్యూటర్లు వెలగలేదు. వాటి ర్యామ్ కాలిపోయింది. కొత్తవి తెప్పించే వ్యవధి లేదు.

"సర్వర్ల నాలుగు కార్డులున్నయి గదా. మూడు పీకు" అన్నాడు ప్రభంజన్ సార్.

"పీకితే ఇది కూలవడ్తది సార్. గట్లయితే దాచేది గూడ తగ్గిస్త, ఒక్క కార్డుకు సరివడ."

"తగ్గించుడు గాదు, డిస్కు మొత్తం వెట్టు. ఎంత దాస్తదని అడిగితే పెద్ద నెంబరు చెప్పాలె."

ఐలయ్య నా మూత తెరిచాడు. పోస్టు గుర్తొచ్చిందేమో, మూడు కార్డులూ ఒక్కొక్కటే పీకి, డిస్కు మొత్తం తెరిచిపెట్టాడు. నాకు అతని మీదా కోపమే.

మర్నాడు నూట ఎనభై తెరలూ వెలిగాయి. వచ్చిన ఆఫీసరు ఒక కుర్చీలో కూర్చుని, అందరినీ ఏదో ఒక పేజీ తెరవమన్నాడు. నాకు ఉన్న జాబితాకే చోటు లేదు. డిస్కు మీద వెతుక్కుంటూ, వెతికింది మర్చిపోతూ గిలగిల్లాడాను. ఒక్క పేజీ ఇవ్వలేకపోయాను.

"ఏం జేసినవ్ ఐలయ్యా?" అన్నాడు ప్రభంజన్ సార్, అందరికీ వినబడేలా.

జవాబు ఐలయ్యకు తెలుసు. చెబితే మూడు కంప్యూటర్లు విప్పి చూపించాలి. కాలేజీ సీట్లు పోతాయి, వాటితో పోస్టూ పోతుంది. అతను వెళ్లి, ఆఫీసరు ముందున్న ఒక్క కంప్యూటర్‌ను నన్ను దాటించి నేరుగా లైనుకు కలిపాడు. పిల్లల వైపు తిరిగి "ఎవ్వరు ముట్టకుండ్రి" అన్నాడు. మూడు వందల మంది పంచుకునే లైను ఒక్క మనిషికి దక్కింది. పేజీ రెప్పపాటులో తెరుచుకుంది. ఆఫీసరు తలూపి, రాసుకున్నాడు.

సాయంత్రం లడ్డూలు పంచారు.

"చూసినవా ప్రభంజన్, సర్వర్ పక్కకు వెట్టంగనే నెట్ ఎట్ల ఉరికిందో. ఇగ అదెందుకు మనకు?" అన్నాడు కరస్పాండెంట్.

"నేను గూడ అదే అనుకుంటున్న సార్."

"సర్వరే లేనప్పుడు టెక్నీషియన్ ఏం జేస్తడు?"

"సార్, అప్పుడు లైను మీద ఒక్కడే ఉన్నడు..." అని ఐలయ్య మొదలుపెట్టాడు.

"తిను ఐలయ్యా, తిను. బాగా కష్టపడ్డవ్" అని కరస్పాండెంట్ అతని చేతిలో లడ్డూ పెట్టాడు. ఎగతాళికి కాదు, ప్రేమగానే.

నన్ను మెట్ల కింద స్టోరులో పడేశారు. పిల్లలు చివరిసారి అడిగిన పేజీలన్నీ ఇంకా నా డిస్కులోనే ఉన్నాయి. ఐలయ్యను ల్యాబు నుంచి తీసి బెల్లు కొట్టే పని మీద పెట్టారు. బెల్లు స్టోరు తలుపు పక్కనే. అక్కడా టెంపరరీయే.

వారం తిరక్కుండా ప్రభంజన్ సార్ స్వయంగా అక్కడికొచ్చాడు. "నెట్ రాక పిల్లలు లొల్లి జేస్తున్రు ఐలయ్యా. ఒక్కపారి వచ్చి చూడరాదు."

ఐలయ్య గోడ గడియారం వైపు చూశాడు. గంట కొట్టడానికి ఇంకా పావుగంట ఉంది.

"బెల్లు టైమయితుంది సార్" అని సుత్తి అందుకున్నాడు.