పంటినొప్పి తాబేలు

పజెవూ లోయలో శనివారం సంతకి వచ్చేవాళ్ళు బీన్స్, జొన్నపిండి మర్చిపోతారేమో కానీ అదౌతూ, లిండాల్వాల పాట మాత్రం విడిచిపెట్టరు. లిండాల్వా అదౌతూ భార్యకి చెల్లెలు. పదిహేనేళ్ళుగా ఇద్దరూ గిటార్ లాంటి వియోలా చెరొకటి పట్టుకుని, జనం ఏ సంగతి అడిగితే దానిమీద అప్పటికప్పుడు ఆరేసి పాదాలు కట్టి పాడుతూ, ఒకరినొకరు దెప్పుకుంటున్నారు.

ఈమధ్య అదౌతూకి ఒక అనుమానం పట్టుకుంది. బట్టలుతుకుతూ మరదలు ఏదో గొణుక్కోవడం చూశాడు. ఇంకేముంది, పద్యాలు ఇంట్లోనే వండుకొచ్చి సంతలో వడ్డిస్తోందన్నమాట!

బండారం బయటపెట్టాలని మాంసం కొట్టు ఒతసీలియోని పిలిచాడు. "శనివారం నువ్వు 'పంటినొప్పి తాబేలు' అని కేకెయ్యి. మా మరదలు ఎలా నోరు విప్పుతుందో చూద్దాం."

పన్నే లేని తాబేలుకి నొప్పేమిటో ఒతసీలియోకి అర్థం కాలేదు గానీ సరేనన్నాడు. తీరా తానే తడబడితే పరువు పోతుందని అదౌతూ మూడు రోజులు కూర్చుని ఆరు పద్యాలు రాసి బట్టీ పట్టాడు.

శనివారం ఒతసీలియో అరిచాడు. లిండాల్వా నవ్వి, వెంటనే అందుకుంది:

"తాబేలొకటి చెంప పట్టుకుని
వెళ్ళింది డాక్టరు వాకిటికి;
కళ్ళద్దాలు తుడిచి చూసినా
పన్నొక్కటీ పడలేదు కంటికి;
'పళ్ళే లేని దానివమ్మా,
నొప్పెలా వచ్చె నీ నోటికి?'"

జనం గొల్లుమన్నారు. అదౌతూ గొంతు సవరించుకుని, గతుక్కుమన్నాడు. ఎదుటివాళ్ళ ఆఖరి పాదం ఏ ప్రాసతో ముగిస్తే, తన మొదటి పాదం ఆ ప్రాసతోనే ముగియాలి. ముప్పై ఏళ్ళుగా తెలిసిన నియమం. ఒంటరిగా బల్ల ముందు కూర్చుని రాసేవాడికి ప్రాస అందించేదెవరు? ఆరు పద్యాల్లో ఒక్కటీ 'టికి'కి అతకదు.

తీగలు మీటాడు. మళ్ళీ మీటాడు.

"ఏం బావా, వియోలా వాయించి పంపించేస్తావా మమ్మల్ని?" అంది లిండాల్వా.

"ఇంకో పావుగంట ఆగితే నా దగ్గర మాంసం కంపు కొడుతుందన్నా!" అన్నాడు ఒతసీలియో.

అదౌతూ కళ్ళు మూసుకున్నాడు. ఏం వస్తుందో తెలియకుండానే నోరు తెరిచాడు:

"చెమట పట్టింది నా ఒంటికి,
మూడ్రోజులు రాశా మూల కూర్చుని;
మరదలి దొంగతనం పట్టిద్దామంటూ
వచ్చా ఆరు పద్యాలు నేర్చుకుని;
తాబేలుకి లేని పంటినొప్పి
నాకొచ్చింది, పోతా నోరు మూసుకుని!"

సంతంతా ఈలలు మోగాయి. టోపీలు గాల్లోకి ఎగిరాయి. లిండాల్వా కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది.

"నేను గొణుక్కునేవి పద్యాలనుకున్నావా బావా? నిన్ను తిట్టే తిట్లు! నువ్వు శ్రుతి తప్పినప్పుడల్లా ఒకటి దాచుకుని మా అక్కకి అప్పజెబుతుంటా. అవి మాత్రం ముందే సిద్ధం చేసుకోవాలి, లేకపోతే అన్నీ గుర్తుండవు."

అదౌతూ మిట్టమధ్యాహ్నం దాకా పాడి ఇంటికెళ్ళాడు. అప్పటికే కబురు చేరిపోయింది. భార్య దీర్సే మొక్కజొన్న రవ్వతో ఉడికించిన కుస్కుస్ వడ్డిస్తూ, "ఏదో గొప్పగా పాడావట, ఏదీ, ఒకసారి వినిపించు" అంది.

అదౌతూ పళ్ళెం వైపు చూస్తూ గుర్తుచేసుకోబోయాడు. రాసిన ఆరూ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. పాడినది మాత్రం ఒక్క ముక్కా తట్టలేదు.

"చెమట... ఏదో చెమట గురించి," అన్నాడు.

"సరేలే, తిను. మా చెల్లినే అడుగుతా," అంది దీర్సే.