ఫ్యాక్టరీ గోడలు

మా ఆయన సుందర్ రాజ్ నేను ఆఫీసులో పనిచేస్తున్నానని చర్చిలో అందరికీ చెప్పి మూడేళ్లయింది. అది ఆఫీసూ కాదు, పాడూ కాదు. మేం దేశం దాటి వచ్చి ఉంటున్న అరోరా ఊరి అవతల, ఇళ్లకు చెక్క గోడలు తయారుచేసే ప్లాంటులో బల్ల దగ్గర నిలబడి చెక్కలకు మేకులు కొడతాను. గుంటూరులో బీఎస్సీ చదివినదాన్ని. అయితే ఏం? నాకు ఆ పని ఇష్టం. నామోషీ అంతా ఆయనకే.

1983లో ఇల్లు కట్టుకోవడానికి స్థలం కొన్నాం. కట్టడానికి రెండు పద్ధతులున్నాయి. వడ్రంగులు స్థలంలోనే ఒక్కో చెక్కా కోసి నిలబెట్టడం ఒకటి. మా ప్లాంటులోలా గోడలు ముందే చేసి, లారీలో తెచ్చి, క్రేన్‌తో దించడం రెండోది. ఈయన మొదటిదే కావాలని పట్టుబట్టాడు. ఎందుకో నాకు తెలియదా? లారీతోపాటు నన్ను పేరుపెట్టి పిలిచే ప్లాంటు మనుషులు వస్తారు, ఈయన కోసిన కోతలన్నీ బయటపడతాయి.

నాకు నచ్చజెప్పించడానికి ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సంఘపెద్ద దైవాశీర్వాదం గారిని భోజనానికి తీసుకొచ్చాడు. పెద్దాయన కోడికూర రెండోసారి వడ్డించుకుని మొదలుపెట్టారు.

"అమ్మా నవోమీ, సొంతిల్లంటే మాటలా? సైట్ మీద కట్టిస్తే మన కళ్లెదుట ఉంటుంది. ఆ ఫ్యాక్టరీ గోడలు ఎవరు చేస్తారో ఏమో. మేకులు సరిగ్గా కొట్టారో లేదో ఎవరికి తెలుసు?"

"నాకు తెలుసండీ," అన్నాను. "కొట్టేది నేనే."

పెద్దాయన చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. మా ఆయన మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు.

"సైట్‌లో వాన పడితే చెక్క తడిసి వంగుతుందండీ. మా షెడ్‌లో తడవదు. ప్రతి గోడా మూల నుంచి ఎదుటి మూలకి రెండు వైపులా టేప్ పెట్టి చెక్ చేస్తాం. పావు అంగుళం తేడా వస్తే నేనే విప్పిస్తాను. మొన్న కూడా ఒకటి విప్పించాను. మా సూపర్‌వైజర్ గొణుక్కున్నాడు. గొణుక్కోనివ్వండి."

"మరి ఆఫీసన్నావు కదయ్యా, సుందర్ రాజ్?"

మా ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు కొత్తేం కాదు. ఏ ఆఫీసని ఎవరడిగినా అలాగే చూసేవాడు. నేను ఏదో ఒకటి చెప్పి గట్టెక్కించేదాన్ని. అలా చెప్పిన ప్రతిసారీ నా మీద నాకే ఒళ్లు మండిపోయేది. ఆ రోజు మాత్రం నోరు మెదపలేదు. పప్పు గిన్నె పెద్దాయన వైపు జరిపాను.

"ఆఫీసు కాదండీ," అన్నాడు చివరికి. "గోడలే చేస్తుంది."

పెద్దాయన మజ్జిగ పోసుకుని తిని వెళ్లిపోయారు.

ఆయనటు వెళ్లగానే ఫ్యాక్టరీ గోడల కాంట్రాక్టు తీసి, సంతకం చేసి, పెన్ను మా ఆయన చేతిలో పెట్టాను.

"అందరికీ తెలిసిపోతుంది, నవోమీ," అన్నాడు.

"తెలియనివ్వండి. గోడలు నిలబెట్టే రోజున సంఘాన్నంతా పిలవండి. ఎవరు చేశారని అడుగుతారు. నేను పలకను. మీరే చెప్పాలి, వెనక నిలబడ్డవాళ్లకి కూడా వినపడేలా."