సంచీ అడుగున ముద్దాయి

నేను ఒక పదిహేను గ్రాముల ట్యూబును. బొటనవేలంత ఒళ్లు, తెల్లటి మూత, పొట్ట నిండా తక్కువ పవరు స్టెరాయిడు క్రీము. మందుల షాపులో నా పై అరలోని గట్టి పవరు ట్యూబులు నన్ను నీళ్లమందని వెక్కిరించేవి. వెక్కిరించనీ! ఉయ్యాల ఊపడానికి ఏనుగును పిలుస్తారా ఎవరైనా?

నన్ను నింపిందీ, తోక మడిచి తేదీ గుద్దిందీ యంత్రాలే. మనిషి చేతి వెచ్చదనం నాకు తెలిసింది పాలకొల్లులో, సుభాషిణి దగ్గర. ఆమె రొయ్యల షెడ్డులో తలలు ఒలిచే పని చేసేది. చిన్నప్పటి నుంచీ మోచేతి మడతల్లో ఎగ్జిమా, ఎర్రగా లేచే దురద పొక్కులు. కడుపుతో ఆరో నెల రాగానే అది మణికట్ల దాకా పాకింది. చర్మం డాక్టరమ్మ ఎన్నో నెలో అడిగి మరీ నా పేరు రాసింది. నాలుగు రోజులకే ఎరుపు తగ్గింది. నేను మూత బిగించుకుని రాజాలా కూర్చున్నాను.

ఐదో రోజున అత్తగారు అచ్చియ్యమ్మ ఫోనులో ఏదో వీడియో చూసింది. అంతే, నా మీద విరుచుకుపడింది.

"ఏంటమ్మాయ్, కడుపుతో ఉండి స్టెరాయిడు రాసేత్తన్నావా! బిడ్డకేమన్నా అయితే ఎవర్ని అడగాలి?"

"ఇప్పటికే నాలుగు రోజులు రాసేశాను కదా అత్తయ్యా!" అంటూ సుభాషిణి పొట్ట పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక నాకు నోరు లేనందుకు మొదటిసారి బాధేసింది.

నన్ను ఆవకాయ జాడీ వెనక్కి తోసేశారు. వేపాకు నూరి పూస్తే పుళ్లు భగ్గుమన్నాయి. ఆ పిల్ల గోక్కుని గోక్కుని రసి కార్చుకుంది, కంటి మీద కునుకు లేకుండా పోయింది. ఇంతలో ఏడో నెల సీమంతం దగ్గరపడింది. కోడలి చేతుల నిండా గాజులు తొడగాలని అచ్చియ్యమ్మ ముచ్చట. ఫొటోల్లో ముఖం మెరవాలని ఫ్యాన్సీ షాపులో తెల్లబరిచే క్రీము డబ్బా ఒకటి కొనితెచ్చింది. మూత మీద నవ్వే అమ్మాయి బొమ్మ ఉందిగానీ లోపల ఏముందో ఒక్క ముక్క రాసి లేదు. దాన్ని కోడలి ముఖానికీ చేతులకీ కూడా పూసింది. మనుషుల న్యాయం ఇదీ: పేరు చెప్పుకున్నవాడు దొంగ, దాచుకున్నవాడు దొర.

మూడో రోజుకి మోచేతుల్లో చీము పట్టి జ్వరం వచ్చింది. డాక్టరమ్మను నిలదీయడానికి అచ్చియ్యమ్మ కోడల్ని వెంటబెట్టుకుని, నన్ను సంచీ అడుగున పడేసి తీసుకెళ్లింది. తీరా బల్ల మీద సంచీ బోర్లిస్తే, ముందు దొర్లింది, హడావిడిలో నాతోపాటు సంచీలో పడ్డ ఆ క్రీము డబ్బా. దాని వెనకాల నేను.

"ఇదేనండీ మా కోడల్ని పాడుచేసింది" అని నన్ను చూపించింది అచ్చియ్యమ్మ.

డాక్టరమ్మ నన్ను పక్కన పెట్టి డబ్బా ఎత్తింది. "ఇది ఎవరు రాశారమ్మా? ఇలాంటివాటిలో గట్టి స్టెరాయిడు కలిపి అమ్ముతుంటారు. అలాంటివి మోతాదు లేకుండా, నెలల తరబడి పూస్తే బిడ్డ బరువు తగ్గొచ్చు. నేను రాసింది తక్కువ పవరుది. పలచగా రాస్తే ఒంట్లోకి పోయేది బహు తక్కువ. దీనివల్ల బిడ్డకి హాని జరిగినట్టు పరిశోధనల్లో తేలలేదు."

"అయితే నా బిడ్డకేం కాలేదా అండీ?" అని అడిగింది సుభాషిణి.

"నాలుగు రోజుల మందుకేమీ కాదమ్మా. ఆపేసి ఇలా చీము పట్టేదాకా తెచ్చుకోవడమే ప్రమాదం."

నేను పొంగిపోయాను, దాచుకోను.

చీము తగ్గడానికి మందిచ్చాక డాక్టరమ్మ కొలత నేర్పింది. చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే రెండు అరచేతులంత మేరకు చాలు, ఎరుపు పోయాక ఆపేసి తేమనిచ్చే క్రీము రాసుకోవాలి అంది. ఆ రోజు నుంచీ అచ్చియ్యమ్మ పక్కనే కాపలా. "అమ్మాయ్, గీత దాటింది, దాటింది!" అని అరిచేది. ఆవకాయలో కారానికి కూడా ఆవిడ అంత లెక్క చూడదు.

సీమంతం నాడు గాజులావిడ చెయ్యి సుభాషిణి మణికట్టు మీద ఎక్కడా ఆగలేదు. పచ్చగాజులు గలగలమంటూ ఎక్కాయి. ఆ మోతలో సగం నాదే అనుకున్నాను.

బిడ్డ మూడు కిలోల బరువుతో పుట్టింది. ఆ బరువు నా గొప్ప కాదు, తల్లి తిన్న తిండిది. నేను అడ్డుపడలేదు, అదే నా గొప్ప.

ఇప్పుడు నేను ఖాళీ. కత్తెరతో పొట్ట కోసి ఆఖరి చుక్క కూడా తీశారు. చెత్తబుట్టే గతి అనుకుంటుండగా పక్కింటి చిట్టిరత్నం వచ్చింది. ఆమెకిప్పుడు నాలుగో నెల, మెడంతా దద్దుర్లు.

"పిన్నీ, మీ కోడలు రాసుకున్న ట్యూబు కాస్త ఇత్తారా?"

"ఇవ్వను" అంది అచ్చియ్యమ్మ. "ఎవరి మందు వాళ్లకే రాయాలి. డాక్టరమ్మ దగ్గరికి నేను తీసుకెళ్తాను పద. నువ్వు పూసుకునేవన్నీ సంచీలో వేసుకురా, ఒక్కటీ దాచకు."

అని, ఖాళీ ట్యూబునైన నన్ను తీసి కొంగుకు ముడేసుకుంది. ఈసారి నేను సంచీ అడుగున వెళ్లలేదు.